సిగ్నస్ ఎక్స్-3 గామా మెరుపులు

ఎక్స్-కిరణాల జంట తార అంటే ఒక నక్షత్రం, ఆయువు తీరిన మరో నక్షత్రపు శేషం కలిసి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వ్యవస్థ. ఆ శేషం న్యూట్రాన్ తార కావచ్చు, కృష్ణబిలం కావచ్చు. తోటి తార నుంచి వచ్చిన వాయువు నేరుగా శేషంలో పడిపోదు. దాని చుట్టూ పళ్లెంలా పరుచుకుని, సుడి తిరుగుతూ, కోటి డిగ్రీల దాకా వేడెక్కి ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. ఈ జంటల్లో కొన్నింటికి మరో గుణం కూడా ఉంది. పళ్లెం నడుమ నుంచి రెండు వైపులకూ పదార్థం సన్నని ధారలుగా, కాంతి వేగానికి దగ్గరగా బయటికి దూసుకుపోతుంది. ఈ ధారలనే జెట్లంటారు. దూరపు గెలాక్సీల కేంద్రాల్లోని క్వేసార్లకు కూడా ఇలాంటి జెట్లే ఉన్నాయి, కాకపోతే వాటి పరిమాణం కోట్ల రెట్లు పెద్దది. అందుకే జెట్లున్న జంట తారలకు 1990లలో మైక్రోక్వేసార్లు అన్న పేరు స్థిరపడింది. క్వేసార్‌లో వేల ఏళ్లూ లక్షల ఏళ్లూ పట్టే మార్పు మైక్రోక్వేసార్‌లో గంటల్లో, రోజుల్లో పూర్తవుతుంది. జెట్టు ఎలా పుడుతుందో మొదటి నుంచి చివరి దాకా చూడాలంటే మనిషి జీవితకాలంలో సాధ్యమయ్యేది ఇక్కడే.

జెట్టు ఉందని చాలాకాలం చెప్పింది రేడియో తరంగాలు. కానీ రేడియో తరంగాలు జెట్టు పుట్టినచోటి నుంచి రావు, అది చాలా దూరం ప్రయాణించి పలచబడ్డాక వస్తాయి. పుట్టిల్లు ఎలా ఉందో తెలియాలంటే అక్కడి నుంచి బయలుదేరే కిరణాలు కావాలి. గామా కిరణాల మెరుపులకు ఇంత విలువ రావడానికి కారణం అదే. ఇలాంటి మెరుపులు పదేపదే, సందేహానికి తావులేకుండా కనిపించిన మైక్రోక్వేసార్ సిగ్నస్ ఎక్స్-3. ఈ విషయంలో దానికి సాటి వచ్చే తార ఇప్పటికీ లేదు.

హంస నక్షత్రమండలం దిక్కున, సుమారు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉందీ జంట. రికార్డో జక్కోని బృందం 1966లో రాకెట్టు మీద పంపిన పరికరం దీన్ని మొదటిసారి పసిగట్టింది. మధ్యలో పాలపుంత ధూళి దట్టంగా అడ్డు ఉండటంతో మామూలు కాంతిలో ఇది కనిపించనే కనిపించదు. ఎక్స్-కిరణాలు, పరారుణ కిరణాలు, రేడియో తరంగాలు మాత్రం ఆ ధూళిని దాటి వస్తాయి. ఎక్స్-కిరణాల వెలుగు 4.8 గంటలకోసారి తగ్గి పెరుగుతూ ఉంటుంది. అంటే రెండు గోళాలూ ఒకదాని చుట్టూ ఒకటి అయిదు గంటలు కూడా పట్టకుండా తిరిగేస్తున్నాయి. రెంటికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసార్ధానికి మూడు నాలుగు రెట్లే.

ఇంత ఇరుకులో సూర్యుడిలాంటి మామూలు తార ఇమడటమే కష్టం. మరి తోటి తార ఏమిటన్న ప్రశ్నకు 1992లో జవాబు దొరికింది. పరారుణ వర్ణపటంలో హీలియం గీతలు బలంగా కనిపించాయి, హైడ్రోజన్ జాడ లేదు. పైపొరల హైడ్రోజన్‌నంతా పోగొట్టుకుని హీలియం గర్భంతో మిగిలిన భారీ తార అది. ఈ జాతిని వుల్ఫ్-రాయే తారలంటారు. పాలపుంతలో వుల్ఫ్-రాయే తార తోడుగా ఉన్న ఎక్స్-కిరణాల జంటగా రూఢి అయినది ఇదొక్కటే. ఆ తార ఉపరితలం వేడి లక్ష డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అది ఏడాదికి సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు లక్షో వంతు ద్రవ్యాన్ని పెనుగాలిగా వదులుతోంది. శేషమూ దాని పళ్లెమూ జెట్టూ ఆ గాలిలో మునిగి ఉన్నాయి. శేషం న్యూట్రాన్ తారా, కృష్ణబిలమా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆ దట్టమైన గాలి వల్ల దాన్ని తూకం వేయడానికి కావలసిన కదలికలను నమ్మకంగా కొలవడం కష్టమైపోతోంది.

ఈ జంటకు పేరు తెచ్చింది 1972 సెప్టెంబరు 2. కెనడాలోని ఆల్గాంక్విన్ రేడియో టెలిస్కోపు దగ్గర ఫిలిప్ గ్రెగరీ చూసేసరికి మామూలుగా మిణుకుమనే ఈ మూలం దాదాపు వెయ్యి రెట్లు వెలిగిపోతోంది. కబురు అందగానే ప్రపంచమంతటా టెలిస్కోపులు అటు తిరిగాయి. ఆ పరిశీలనల కోసమే నేచర్ ఫిజికల్ సైన్స్ పత్రిక ఒక సంచికను కేటాయించింది. ఒక రోజులో ఉబ్బి కొన్ని రోజుల్లో చల్లారే ఆ రేడియో ప్రకోపం జెట్టులోంచి ఒక ముద్ద ఊడి బయటికి పోవడమేనని తర్వాతి పరిశీలనలు చూపాయి. జెట్టు దాదాపు మనవైపే గురిపెట్టి ఉందనీ, దాని వేగం కాంతి వేగంలో ఎనభై శాతం దాకా ఉంటుందనీ రేడియో చిత్రాల నుంచి లెక్కగట్టారు.

రేడియోలో ఇంత సందడి చేసే తార గామాలోనూ చేస్తుందన్న ఆశ సహజమే. ఆ ఆశ ఎంతో దూరం తీసుకుపోయింది. అమెరికా ఉపగ్రహం శాస్-2 దత్తాంశాల్లో 4.8 గంటల లయ ఉందని 1977లో ఒక బృందం ప్రకటించింది. యూరప్ ఉపగ్రహం కాస్-బి అటే చూసినా దాన్ని ధ్రువీకరించలేకపోయింది. 1983లో జర్మనీలోని కీల్ నుంచి సమోర్‌స్కీ, స్టామ్ మరీ పెద్ద మాట చెప్పారు. 1976 నుంచి 1980 వరకు నేలమీది డిటెక్టర్లలో నమోదైన కణాల జల్లులను తిరగేస్తే, ఈ తార దిక్కు నుంచి పెటా ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తితో కిరణాలు వస్తున్నాయనీ, అవీ 4.8 గంటల లయలోనే ఉన్నాయనీ వారి వాదన. పెటా అంటే ఒకటి పక్కన పదిహేను సున్నాలు. 1985లో అమెరికాలోని సూడాన్ గనిలోనూ, యూరప్‌లో మోఁ బ్లాఁ సొరంగంలోనూ భూగర్భ పరికరాలు ఇదే లయలో మ్యువాన్ కణాలు పట్టుకున్నామన్నాయి. గామా కిరణాలు అన్నేసి మ్యువాన్లను పుట్టించలేవు. దాంతో సిగ్నెట్ అనే కొత్త కణాన్నే ఊహించాల్సి వచ్చింది.

ఆ ఊహ నిలవలేదు. యూటాలో కాసా-మియా అనే విశాలమైన డిటెక్టర్ల తోటను వేసి 1990లలో ఏళ్ల తరబడి చూశారు, ఏమీ కనిపించలేదు. పాత ఫలితాలు ఎలా వచ్చాయో ఒక్కమాటలో చెప్పడం కుదరదు గానీ, ఒక చిక్కును మాత్రం ఇక్కడ గుర్తించడం మంచిది. ఈ జంట అయిదు చుట్లు తిరిగేసరికి 23 గంటల 58 నిమిషాలు కావస్తుంది. నక్షత్రాల లెక్కలో మన భూమి ఒక చుట్టు తిరిగేది 23 గంటల 56 నిమిషాల్లో. అంటే రోజూ ఈ తార తలపైకి వచ్చే వేళకు జంట దాదాపు అదే దశలో ఉంటుంది. తార ఆకాశంలో ఎత్తుగా ఉన్న కొన్ని గంటలు మాత్రమే చూడగల నేలమీది పరికరానికి నెలల తరబడి కొన్ని దశలే ఎక్కువగా చిక్కుతాయి. వాతావరణం వల్లా, పరికరం వల్లా రోజువారీగా వచ్చే హెచ్చుతగ్గులు తార లయతో కలిసిపోవడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. భూమి చుట్టూ గంటన్నరకోసారి తిరిగే ఉపగ్రహానికి ఈ బెడద లేదు.

అయినా ఆ దశకం వృథా పోయిందనుకోవడం పొరపాటు. నేలమీది గామా ఖగోళశాస్త్రం ఎదగడానికి ఈ తార కోసమని పెట్టిన పరికరాలూ తోడ్పడ్డాయి.

తిరుగులేని రుజువు 2009లో వచ్చింది. దానికి పునాది పడింది శ్రీహరికోటలో. ఇటలీ నిర్మించిన 352 కిలోల ఎజైల్ ఉపగ్రహాన్ని 2007 ఏప్రిల్ 23న పీఎస్ఎల్‌వీ-సీ8 రాకెట్టు నింగికి చేర్చింది. పక్క బూస్టర్లు లేకుండా పీఎస్ఎల్‌వీ ఎగరడం అదే మొదటిసారి. విదేశీ ఉపగ్రహాన్ని ప్రధాన సరుకుగా మోసుకెళ్లి ఇస్రో చేసిన తొలి వాణిజ్య ప్రయోగం కూడా అదే. అప్పట్లో దాన్ని వ్యాపార విజయంగానే వార్తల్లో చెప్పుకున్నారు. ఎజైల్ అందించిన విజ్ఞానం గురించి తెలుగునాట అంతగా చెప్పుకోకపోవడం విచారించదగ్గది. నెల్లూరు తీరం నుంచి (ఇప్పుడది తిరుపతి జిల్లా) ఎగిరిన పరికరమే ముప్పై ఏళ్లుగా తేలని వివాదాన్ని తేల్చిన రెండింటిలో ఒకటి. భూమధ్యరేఖకు రెండున్నర డిగ్రీల వాలులో, 550 కిలోమీటర్ల ఎత్తున దాన్ని తిప్పారు. ఆ దారిలో అంతరిక్షపు ఆవేశకణాల తాకిడి చాలా తక్కువ. గామా ఫోటాన్లను ఏరుకోవాల్సిన డిటెక్టరుకు అది పెద్ద వరం.

ఏరుకోవడం అన్న మాట అక్షరాలా నిజం. సిగ్నస్ ఎక్స్-3 బాగా మెరిసిన రోజుల్లో కూడా, పది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన ఫోటాన్లు మనదాకా చదరపు మీటరుకు నిమిషానికి ఒకటో రెండో వస్తాయి. ఎజైల్ డిటెక్టరు భుజం 38 సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరులో ఏడో వంతు. అందులో పడిన ఫోటాన్లన్నీ చిక్కవు. టంగ్‌స్టన్ పలక గుండా పోతూ ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా విడిపోవాలి, ఆ రెండూ సిలికాన్ పొరల్లో విడిచిన అడుగుజాడలను బట్టి వచ్చిన దిక్కు లెక్కగట్టాలి. ఆ దిక్కు కూడా కచ్చితంగా తెలియదు. ఒక్కో ఫోటాన్ విషయంలో అది కొన్ని డిగ్రీలు అటూ ఇటూ పోవచ్చు, పున్నమి చంద్రుడి వెడల్పేమో అర డిగ్రీయే. ఒకటి రెండు రోజుల్లో పోగయ్యే కొద్దిపాటి ఫోటాన్ల గుంపు, చుట్టుపక్కల పాలపుంత వెలుగు మీద లేచి కనబడాలి. ఇన్ని అడ్డంకుల మధ్య ఎజైల్ 2008 ఏప్రిల్, నవంబరు, డిసెంబరు నెలల్లో, మళ్లీ 2009 జూన్‌లో నాలుగు మెరుపులను పట్టుకుంది. ఒక్కొక్కటీ ఒకటి రెండు రోజులు నిలిచింది. రేడియో ప్రకోపానికి కొద్ది రోజుల ముందు మెరుపు రావడం ఇందులో అసలైన విశేషం. మార్కో తవానీ బృందం దీన్ని 2009లో నేచర్‌లో ప్రకటించింది.

దాదాపు అదే సమయంలో సైన్స్ పత్రికలో ఫెర్మీ బృందం వ్యాసం వచ్చింది. 2008 జూన్‌లో ఎగిరిన గామా ఉపగ్రహం ఫెర్మీలోని పరికరం ఎజైల్ కంటే చాలా పెద్దది. దాని ముందున్న చిక్కు మరో రకం. సిగ్నస్ ఎక్స్-3కి కేవలం అర డిగ్రీ దూరంలో ఒక పల్సార్ ఉంది. అది గామాలో ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. రెంటి కాంతీ కలిసిపోతే ఏ ఫోటాన్ ఎవరిదో చెప్పలేరు. పల్సార్ వెలుగు సెకనులో ఏడో వంతుకోసారి వచ్చిపోతుంది. ఆ తళుకుల వేళల్లో వచ్చిన ఫోటాన్లన్నింటినీ లెక్కలోంచి తీసేసి, రెండు తళుకుల మధ్య విరామంలో వచ్చినవాటినే ఉంచుకున్నారు. మిగిలిన వెలుగు సిగ్నస్ ఎక్స్-3 ఉన్న చోటనే ఉంది. 2008 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 2009 జూన్ నుంచి ఆగస్టు దాకా అది చురుగ్గా ఉంది. ఆ రోజుల్లో గామా వెలుగు 4.8 గంటల లయలో తగ్గి పెరిగింది. మూలం నిద్రాణంగా ఉన్న నెలల్లో ఆ లయ లేదు. చోటు, వేళ, లయ మూడూ కలిశాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. లయ ఒక్కదాన్నే నమ్ముకున్న పాత ప్రకటనలకూ దీనికీ ఉన్న తేడా అదే.

ఆ లయలో ఇంకో సంగతి దాగి ఉంది. ఎక్స్-కిరణాలు బాగా తగ్గే దశకు దగ్గరలోనే గామా కిరణాలు పెరుగుతాయి. శేషం మనకు పెద్ద తార వెనక ఉన్నప్పుడు ఎక్స్-కిరణాలు ఆ తార గాలిలో ఇంకిపోయి సన్నగిల్లుతాయి. గామా కిరణాలు పెరగడానికి కారణం వాటిని పుట్టించే విధానంలోనే ఉంది. లక్ష డిగ్రీల తార నుంచి వచ్చే అతినీలలోహిత ఫోటాన్ శక్తి ఇరవై ముప్పై ఎలక్ట్రాన్ వోల్టులు. జెట్టులో రెండు మూడు వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పరిగెత్తే ఎలక్ట్రాన్ దాన్ని గుద్దితే ఆ ఫోటాన్ శక్తి కోటి రెట్లకు పైగా పెరిగి గామా కిరణమవుతుంది. దీన్ని విలోమ కాంప్టన్ ప్రక్రియ అంటారు. ఇక్కడ ఎదురెదురుగా తగలడమే ముఖ్యం. బ్యాటుకు ఎదురొచ్చిన బంతి ఎగిరినంత దూరం, బ్యాటు ముందు పరుగెత్తే బంతి ఎగరదు. మనవైపు వచ్చే గామా కిరణాన్ని పుట్టించేది మనవైపు పరుగెత్తే ఎలక్ట్రాన్. దానికి ఎదురుగా తార వెలుగు రావాలంటే ఆ తార మనకూ జెట్టుకూ మధ్య ఉండాలి. శేషం తార వెనక్కి వెళ్లే దశ అంటే సరిగ్గా ఇదే. అయిదు గంటలు కూడా పట్టని ఒక చుట్టులో ఎక్స్-కిరణాలు తగ్గే కారణమూ గామా పెరిగే కారణమూ ఒకే దశలో కలవడం చూస్తే, ప్రకృతి ఇంత స్పష్టంగా చిక్కుముడి విప్పి చూపే సందర్భాలు అరుదనిపిస్తుంది.

మెరుపు ఎక్కడ పుట్టిందో కూడా దీని నుంచే తెలుస్తుంది. పళ్లేనికి మరీ దగ్గరగా పుడితే, అక్కడ కిక్కిరిసిన ఎక్స్-కిరణాలతో ఢీకొని గామా ఫోటాన్లు ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారి అక్కడే అంతమవుతాయి. మరీ దూరంగా పుడితే తార వెలుగు పలచబడిపోతుంది, ఏ దశలోనైనా ఒకే దిక్కు నుంచి వస్తున్నట్టుంటుంది, లయ చెదిరిపోతుంది. కాబట్టి గామా పుట్టే చోటు ఈ రెంటికీ నడుమ, రెండు గోళాల మధ్య దూరంతో పోల్చదగ్గ ఎత్తులో ఉండాలి. అంటే శేషం నుంచి కొన్ని పదుల లక్షల కిలోమీటర్లు. ముప్పై వేల కాంతి సంవత్సరాల అవతల ఇంత చిన్న చోటును ఏ టెలిస్కోపూ విడదీసి చూపలేదు. జెట్టు అక్కడ తార గాలిని బలంగా తాకి, ఆ తాకిడిలో ఎలక్ట్రాన్లకు వేగం వస్తోందని ఎక్కువమంది భావిస్తున్నారు. రేడియో తరంగాలను ఆ గాలి మింగేస్తుంది. జెట్టు ముద్ద గాలి దట్టంగా ఉన్న మేర దాటాకే రేడియో ప్రకోపం బయటపడుతుంది. ఎజైల్ చూసిన ఆ కొద్ది రోజుల తేడాకు అర్థం ఇదే.

మెరుపు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలగడం కూడా సాధ్యమైంది. పరిశీలకులు గమనించే వరస ఇది. మొదట తక్కువ శక్తి ఎక్స్-కిరణాలు పెరిగి, ఎక్కువ శక్తివి పడిపోతాయి. రేడియో దాదాపు పూర్తిగా ఆరిపోతుంది. ఈ నిశ్శబ్ద దశలోకి పోయేటప్పుడో, దాన్నుంచి బయటికి వచ్చేటప్పుడో గామా మెరుపులు వస్తాయి. ఆ వెనకే పెద్ద రేడియో ప్రకోపం. 2011 తొలి నెలల్లో రేడియో ఆరిపోవడం గమనించినవారు ప్రకోపం కోసం కాచుకున్నారు. మార్చిలో అది వచ్చింది, గామా వెలుగూ దానితో వచ్చింది. పళ్లెం వెలుగు తీరు మారడం, జెట్టు ఆగి మళ్లీ మొదలవడం, గాలిలో తాకిడి, ముద్ద బయటపడటం, ఇవన్నీ ఒకే గొలుసులోని లంకెలని ఈ వరస చెబుతోంది. ఒక్క గామా పరికరంతో ఇది తేలేది కాదు. రష్యాలోని రతన్-600 వంటి రేడియో టెలిస్కోపులు, స్విఫ్ట్ వంటి ఎక్స్-కిరణాల ఉపగ్రహాలు రోజూ విసుగు లేకుండా కొలిచి పెట్టిన అంకెలే దీనికి ఆధారం. శ్రీహరికోట నుంచే 2015 సెప్టెంబరు 28న ఎగిరిన ఆస్ట్రోశాట్ కూడా ఈ తార ఎక్స్-కిరణాలను పరిశీలించింది.

ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని, అంటే వాటి కంపనం ఏ దిక్కుకు ఎంత మొగ్గిందో, కొలిచే ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం 2022లో దీనిపై దృష్టి పెట్టింది. ధ్రువణం ఇరవై శాతానికి పైగా ఉంది, దిక్కు జెట్టుకు లంబంగా ఉంది. మనకు చేరేది నేరుగా వచ్చే వెలుగు కాదనీ, లోపల గరాటులాంటి కుహరం గోడల మీద చెదిరి వచ్చేదనీ దీని అర్థం. ఆ గరాటు నోటికి ఎదురుగా ఉన్నవారికి ఈ తార ఇంకెన్నో రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

మిగతా మైక్రోక్వేసార్ల గామా కథ ఇంత నిండుగా లేదు. సిగ్నస్ ఎక్స్-1లో 2006 సెప్టెంబరులో మ్యాజిక్ టెలిస్కోపు గంటంబావు పాటు ఒక వెలుగును చూసినట్టు చెప్పింది, కానీ ఆ ఆధారం బలమైనది కాదు. వి404 సిగ్ని 26 ఏళ్ల నిద్ర తర్వాత 2015 జూన్‌లో లేచినప్పుడు గామాలో ఒక జాడ కనబడింది, అదీ కొద్దిపాటిదే. ఎస్ఎస్ 433 సంగతి వేరు. కాంతి వేగంలో 26 శాతంతో పోయే దాని జెట్లు, తార నుంచి చాలా దూరాన చుట్టూ ఉన్న వాయువును తాకే చోట లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులను మించిన గామా కిరణాలను పుట్టిస్తున్నాయని మెక్సికోలోని హాక్ పరికరం 2018లో చూపింది. అది స్థిరమైన వెలుగు, మెరుపు కాదు.

చైనాలో టిబెట్ పీఠభూమి అంచున, 4,400 మీటర్ల ఎత్తున ఉన్న లాసో డిటెక్టర్ల క్షేత్రం ఈ విషయాన్ని మరో మెట్టు ఎక్కించింది. ఎస్ఎస్ 433, సిగ్నస్ ఎక్స్-1తో సహా అయిదు మైక్రోక్వేసార్ల నుంచి అత్యధిక శక్తి గామా కిరణాలు వస్తున్నాయని 2024లో ప్రకటించింది. 2025 చివర సిగ్నస్ ఎక్స్-3 నుంచే పెటా ఎలక్ట్రాన్ వోల్ట్ స్థాయి కిరణాలు, నెలల వ్యవధిలో హెచ్చుతగ్గులతో కనిపించాయని ఆ బృందం తెలిపింది. కీల్ ప్రకటన సరైనదేనని దీనివల్ల అనుకోకూడదు. అప్పుడు చెప్పినంత ధాటిగా కిరణాలు వచ్చి ఉంటే కాసా-మియా వాటిని తప్పక చూసేది. ఇప్పుడు చూసింది అంతకంటే ఎన్నో రెట్లు బలహీనమైన వెలుగు, దాన్ని వేరుచేయగల పరికరం అప్పట్లో లేదు. ఇంత శక్తిని ఇంత దట్టమైన తార వెలుగులో ఎలక్ట్రాన్లు సంపాదించడం కష్టం. సంపాదించేలోపే పోగొట్టుకుంటాయి. అందుకని ఇక్కడ ప్రోటాన్ల పాత్ర ఉందన్న వాదన బలపడింది. విశ్వకిరణాల్లో అత్యధిక శక్తి ప్రోటాన్లు పాలపుంతలో ఎక్కడ పుడుతున్నాయన్న పాత ప్రశ్నకు ఇది నేరుగా ముడిపడుతుంది.

ఈ రెండు కొసల మధ్య పెద్ద ఖాళీ ఉంది. ఈ తార నుంచి ఫెర్మీ చూసేది ప్రధానంగా కొన్ని వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల వరకు. లక్ష కోట్ల దగ్గర మ్యాజిక్ టెలిస్కోపులు మెరుపు రోజుల్లో కూడా వెతికాయి గానీ ఏమీ దొరకలేదు. ఆ శక్తి గల ఫోటాన్లను తార అతినీలలోహిత వెలుగే మింగేస్తుంది కాబట్టి అది ఊహించినదే. మధ్యలో, రెండు వేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి పైకి చూడగల పరికరాలు కావాలి. లడఖ్‌లోని హన్లే వద్ద 4,300 మీటర్ల ఎత్తున భాభా అణు పరిశోధన కేంద్రం నెలకొల్పిన మేస్ టెలిస్కోపును ఆ శక్తి నుంచే చూసేలా రూపొందించారు. 21 మీటర్ల అద్దం, 1088 కాంతి గొట్టాల కెమెరా ఉన్న ఆ టెలిస్కోపు నిర్మాణంలో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ది ముఖ్యమైన పాత్ర. 2024 అక్టోబరులో దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. సిగ్నస్ ఎక్స్-3 ఆకాశ అక్షాంశం ఉత్తరాన 41 డిగ్రీలు, హన్లే అక్షాంశం 33కు కాస్త తక్కువ. అంటే నడినెత్తికి ఎనిమిది డిగ్రీల దూరంలోంచే ఆ తార అక్కడి ఆకాశం దాటుతుంది, తక్కువ శక్తి గామా కిరణాలను పట్టడానికి అది చాలా అనువైన కోణం.